తవ్వకండి, నిద్రపోతోంది

"చచ్చిన మొక్క అమ్మారు మీరు!"

ఆ అమ్మాయి ఖాళీ కుండీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. పెట్టడమేమిటి, కొట్టింది. మట్టి ఎగిరి నా టీ కప్పులో పడింది.

నేను పనిచేసే నర్సరీలో ఎండలు ముదిరితే ఈ గొడవ మామూలే. అది అడవి మొక్క. చెట్లు చిగురించకముందే మూడాకుల మధ్య ఒక్క తెల్లపువ్వు పూస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆకుతో సహా మాయమైపోతుంది.

"చావలేదండీ. పడుకుంది."

"ఎప్పుడు లేస్తుందో?"

"వచ్చే వసంతానికి."

"నన్ను చూస్తే వెర్రిదానిలా కనిపిస్తున్నానా?"

నేను వేలితో మట్టి కాస్త పక్కకి జరిపి చూపించాను. లోపల అల్లం ముక్కలాంటి దుంప, దాని కొసన తెల్లటి మొగ్గ. ఆమె కోపం చప్పున చల్లారింది.

"అయ్యో, పారేద్దామనుకున్నాను."

"పారెయ్యకండి, తవ్వకండి. కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదు."

"అబ్బో, డైలాగా!"

"రోజుకి పదిమందికి చెప్తాను. అలవాటైపోయింది."

పదిమందికి చెప్పినవాడిని ఒక్కసారి నాకు నేను చెప్పుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఆమె మా వీధి చివర కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. వారం తిరక్కుండానే వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. బోర్డు మీద ఆఖరి లైన్ కూడా గడగడా చదివేశాను.

"మీ చూపు భేషుగ్గా ఉంది. ఎందుకొచ్చినట్టు?"

"చూడ్డానికే."

"నీ దుంపతెగ!" అని నాలుక్కరుచుకుంది. ఆ రోజు నుంచి నేను 'దుంప', ఆమె 'కళ్లజోడు'.

ఆమెది రెండో అంతస్తులో అద్దె గది. అందుకని ఆ తెల్లపువ్వు మొక్క గింజలు మా పెరట్లో వేశాం, ఇరవై. ఆ గింజకి ఒక పక్క కాస్త కొవ్వు అంటుకుని ఉంటుంది. దానికోసం చీమలు ఎగబడతాయి.

"దొంగల్లారా! ఏడు ఎత్తుకుపోయాయి!" అంటూ ఆమె రుమాలుతో చీమల్ని తరిమింది.

"పోనీలే. కొవ్వు తినేసి గింజ ఎక్కడో పారేస్తాయి. అక్కడే మొలుస్తుంది."

మిగిలిన పదమూడు చోట్లా షాపు నుంచి తెచ్చిన విరిగిన కళ్లజోళ్ల కాడలు గుర్తుగా గుచ్చింది. వాటి ముందు ఒక అట్టముక్క పెట్టింది: తవ్వకండి, నిద్రపోతోంది.

మొదటి వసంతంలో ఏమీ రాలేదు. రెండో వసంతంలో గడ్డిపోచంత ఆకు వచ్చింది. ఆ ఆకు చూసి ఆమె పెరడంతా గెంతింది.

"ఈ ఆకు కోసమా రెండేళ్లు! పెళ్లి కూడా ఇలాగే చేసుకుంటారా?" అంది అమ్మ.

"పువ్వు పూసిన రోజున మా నాన్నకి చెప్తానత్తయ్యా. ఐదో వసంతానికి పూస్తుందట."

'అత్తయ్యా' అన్న ఒక్క మాటకే మా అమ్మ పడిపోయింది.

నాలుగో ఎండాకాలంలో వాళ్ల నాన్న మెట్ల మీంచి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆమె సెలవు పెట్టి ఊరెళ్లింది.

"నాన్న పక్కనుండగా మాట్లాడలేను. నువ్వు ఫోన్ చెయ్యకు, నేనే చేస్తాను. వసంతానికల్లా వచ్చేస్తాను. ఓపిక పట్టు."

"నర్సరీవాడికి ఓపిక నేర్పుతున్నావా?" అని నవ్వాను.

మొదటి నెల రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండో నెల ఒకటి. మూడో నెల అదీ లేదు. పెరట్లో ఆకులు మాయమై కళ్లజోళ్ల కాడలు మాత్రం మిగిలాయి. రోజూ వాటిని చూస్తుంటే నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

ఒక ఆదివారం వాన వెలిశాక గునపం తీశాను. పదమూడు దుంపలూ ముక్కలైపోయాయి.

"ఒరేయ్, నిద్రపోతోందని నువ్వే కదరా అన్నావు!" అని అమ్మ గుమ్మంలోంచి అరిచింది.

వినలేదు. అక్కడ గులాబీలు నాటాను. మట్టి చేతులతోనే మెసేజ్ కొట్టాను: 'నా కోసం రానక్కర్లేదు. అన్నీ తవ్వేశాను.'

జవాబు రాలేదు. ఆమె ఇక రాదని నేననుకున్నదే నిజమైందని గర్వం కూడా పడ్డాను, సిగ్గులేకుండా.

వసంతంలో ఆమె వచ్చింది. బాగా చిక్కిపోయింది. నాతో మాట్లాడకుండా నేరుగా పెరట్లోకి వెళ్లి గులాబీల ముందు నిలబడింది.

"షాపు మానేశాను. సామాను తీసుకెళ్దామని వచ్చాను. తవ్వేశానన్నావు గానీ, నువ్వు ఆ పని చేస్తావని నమ్మలేదు."

"నీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే..."

"నాన్నతో చెప్పడానికి మూడు నెలలు నోరు పెగల్లేదు. చివరికి ఆ ఆదివారం పొద్దున చెప్పాను. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత 'ఆ అబ్బాయిని తీసుకురామ్మా, చూస్తాను' అన్నారు. నీకు చెబుదామని వరండాలోకి పరిగెత్తుకొచ్చి ఫోన్ తీశాను. నీ మెసేజ్ ఉంది."

"అప్పుడే ఫోన్ చేసి తిట్టొచ్చు కదా!"

"మళ్లీ లోపలికి వెళ్లి, ఆ అబ్బాయి ఇక రాడు నాన్నా అని చెప్పాను. ఇక నిన్ను తిట్టే ఓపిక లేకపోయింది."

అప్పుడే నీళ్ల తొట్టి దగ్గరినుంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, ఇదేమిట్రా?"

తొట్టి వెనక గోడ నీడన, మూడాకుల మధ్య ఒక్క తెల్లపువ్వు. చీమలు ఎత్తుకుపోయిన గింజ.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. పువ్వుని చూసి నవ్వబోయి ఏడ్చేసింది.

"కుండీలోకి తీసిస్తాను, పట్టుకెళ్లు," అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

"పూత మీదున్నప్పుడు తవ్వకూడదని నువ్వే చెప్పావు. ఆకు మాయమయ్యాక వచ్చి నేనే తవ్వుకుంటాను." సంచీలోంచి ఒక కళ్లజోడు కాడ తీసి మొక్క పక్కన గుచ్చింది. "ముట్టుకోకు."

"నిజంగా వస్తావా?"

"దీనికోసం వస్తే వస్తాను. నీ కోసం కాదు."

ఆ ఎండాకాలం ఆకు మాయమైంది. ఆమె రాలేదు. మరుసటి ఏడాది కూడా పువ్వు పూసింది, మాయమైంది. ఆమె రాలేదు.

మొన్న తొట్టి కారుతోందని అమ్మ మేస్త్రీని పిలిపించింది. అతను తొట్టి వెనక్కి వెళ్లి గునపం ఎత్తాడు. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడేమీ లేదు కదా బాబూ?"

"ఉంది. అటు పక్కనుంచి తవ్వుకో."

మేస్త్రీ మట్టిలో గుచ్చిన కాడని చూశాడు, నన్ను చూశాడు. ఇంకేమీ అడగకుండా గునపం తీసుకుని అటు పక్కకి వెళ్లాడు.