వెనక గది తలుపు

సైదా పిసినారి అని అద్దంకిలో అందరూ అంటారు. పాత ఇళ్లు కొని, బాగుచేసి అద్దెకిచ్చే మనిషి కొత్త టేకు కొంటూ కూర్చుంటే ఇంకేం మిగులుతుంది చెప్పండి! కూల్చిన ఇళ్ల తలుపులు, కిటికీలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. భార్య జైతున్‌బీ పోయాక, రిపేరులో ఉన్న ఇంట్లోనే చాప పరుచుకుని ఉండిపోవడం అలవాటైంది. గుంటూరు నుంచి కూతురు నగ్మా రమ్మన్నప్పుడల్లా ఫోనులో ఒకటే మాట. "ఈ ఇల్లు అద్దెకు పోనీయమ్మా, వచ్చేస్తా." ఇల్లు అద్దెకు పోయేది. ఆయన ఇంకోటి కొనేవాడు.

ఈసారి నగ్మా ఊరుకోలేదు. "నీకు గది సర్దేశాను నాన్నా. ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తా," అంది. సైదాకూ వెళ్లాలనే ఉంది. ఒంటరితనం ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

వెనక గదికి తలుపొక్కటే బాకీ. చీరాలలో పాత సామాను కొట్టులో కారుచౌకగా దొరికింది. బరువైన టేకు, బయటివైపు గొళ్లెం. లోపలివైపు మాత్రం, నేలమీద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో నూనె మరక. అక్కడ చెక్క అరిగి, నున్నగా గుంటపడింది.

వడ్రంగి ఇమ్మానియేలు చిత్రిక పట్టాడు. లప్పం నింపి రంగు వేశాడు. మర్నాటికి మరక మళ్లీ తేలింది.

"ఎవర్నో గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టేవాళ్లండి. ఏళ్ల తరబడి ఇక్కడే ఆనుకుని కూర్చున్నట్టుంది. వద్దు, కొత్తది చేసిస్తాను," అన్నాడు.

"మరకకు భయపడి తలుపు పారేస్తామా? లోపల ఇంకోసారి రంగెయ్యి. బయటివైపు తర్వాత చూద్దాం."

శనివారం మధ్యాహ్నం రంగు వేసి ఇమ్మానియేలు భోజనానికి వెళ్లాడు. కరెంటు పోయింది. ఎండకు కిటికీలన్నీ మూసేసరికి ఇల్లంతా చీకటి. తడి రంగు వాసన, కల్లాల నుంచి మిరప ఘాటు. సైదా ఆ తలుపుకు గొళ్లెం పెట్టి, బయట దానికే ఆనుకుని కూర్చున్నాడు.

ఆముదం వాసన వచ్చింది...

తలుపు కిర్రుమంది. లోపలివైపు నుంచి మెల్లగా ఒక బరువు ఆనింది. సరిగ్గా ఆయన వీపు ఉన్నచోట.

"ఎవరూ?"

"కూర్చో..." గుసగుస. "నా దగ్గర ఎవరూ కూర్చోరు..."

లేవబోయాడు. లేవలేదు... లేవాలనిపించలేదు. ఎన్నేళ్లకు ఒక మనిషి తన వీపుకు ఆనుకుంది! ఆయనకు ఏడుపొచ్చింది.

"కూర్చుంటాలే," అన్నాడు.

భోంచేసి వచ్చిన ఇమ్మానియేలు ఆయన్ని లేపి, గొళ్లెం తీశాడు. గదిలో ఎవరూ లేరు. లోపలివైపు రంగు చెక్కుచెదరలేదు. మర్నాటికి కూడా ఈసారి అక్కడ మరక తేలలేదు.

ఆదివారం నగ్మా వచ్చేసరికి వెనక గది తలుపు మూసి ఉంది. తోసింది. లోపల నాన్న ఆనుకుని కూర్చున్నట్టున్నాడు, కదల్లేదు.

"నాన్నా, బస్సుకు టైమవుతోంది."

"నువ్వెళ్లమ్మా. నాకు ఇక్కడ తోడుంది," అన్నాడు లోపలి నుంచి. "వెళ్లేటప్పుడు గొళ్లెం పెట్టు."

నగ్మా ఏడుస్తూ తలుపు ముందు కూలబడింది. అప్పుడు చూసింది. రంగు వెయ్యని బయటివైపు, కూర్చున్న మనిషి తల ఎత్తులో నూనె మరక. చెక్క అరిగి గుంటపడింది.

చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే లేచి తనకు చోటిచ్చినట్టు.