చందానగర్ అంగడిలో డప్పు

1971 డిసెంబరు. చందానగర్ అంగడి జనంతో కిటకిటలాడుతోంది. పెట్టుడు మీసాలతో గాజులమ్ముతున్న ఏజెంట్ లింగమూర్తి ముందు ఒక నాజూకు చెయ్యి వచ్చి ఆగింది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. పద్మావతి! విదేశీ ముఠా జీతం తింటూ మన గూఢచారి శాఖకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్.

“పచ్చ గాజులున్నాయటయ్యా?” కోడ్ అడిగింది.

“ఎర్రవే మిగిలినయి.”

ఆమె గొంతు తగ్గించింది. “ముఠావాళ్లు విమానం ఫోటోల్లో ఇళ్ల కప్పులు లెక్కపెట్టారండీ. బాటలు కొలిచారు. ఎక్కడ ఎంతమంది ఉంటారు, బెదిరితే ఎటు పరిగెత్తుతారు, అంతా కంప్యూటర్‌లో మోడల్ చేశారు. కాసేపట్లో ఇక్కడ ఓ ఉత్తుత్తి బాంబు పేలుతుంది. జనం రోడ్డు కల్వర్టు మీదికి పరిగెడతారు. అసలు బాంబు టైమరుతో దాని కిందుంది. వైరు ముట్టుకున్నా పేలుతుంది.”

లింగమూర్తి కల్వర్టు వైపు చూశాడు. పోలీసులను పిలిచినా, తాను అరిచినా జనం బెదురుతారు. బెదిరితే కల్వర్టే. ఏం మోడలో, తగలెయ్య! పైగా ఆ జనంలో చింతపండు అమ్ముతున్నది సొంత అక్క చంద్రమ్మ. తమ్ముడు పట్నంలో గుమాస్తా అనుకుంటున్న పిచ్చితల్లి.

వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు. “అక్కా, జర చెప్పు. బెదరకుండ ఊరంత ఎప్పుడు కదుల్తది?”

“నువ్వారా! గీ మీసాలేంది?” చంద్రమ్మ ముక్కున వేలేసుకుంది. “గత్తరొచ్చినప్పుడు, గదే కలరా. డప్పు కొట్టి చాటితే పొయ్యిలార్పి ఎవరి చెలకకు వాళ్లు పోతరు. ఉరికితే అమ్మవారికి కోపమొస్తది.”

లింగమూర్తి ఊళ్లో చాటింపు వేసే ఐలయ్య దగ్గరికి పరిగెత్తాడు. మరుక్షణం డప్పు మోగింది.

“ఇనుండ్రి! గత్తరొచ్చింది! ఊరిడిసి పోవాలె! ఉరుకొద్దు!”

అంగడి మూటలు కట్టుకుంది. రోడ్డు వైపు ఒక్కరూ పోలేదు. పిల్లాజెల్లా పొలం గట్ల మీదుగా నడిచి చెలకలకు చేరారు. చివరి ముసలమ్మ మలుపు తిరగగానే ఉత్తుత్తి బాంబు పేలింది. కుక్కలు తప్ప ఎవరూ బెదరలేదు. వెంటనే కల్వర్టు ఎగిరిపోయింది. దాని మీద ఎవరూ లేరు.

లింగమూర్తి కళ్ల వెంట నీళ్లు కారాయి. వెనక క్లిక్‌మని చప్పుడైంది. పద్మావతి కళ్లద్దాల్లో కెమెరా ఉంది. అది చెలకల వైపు తిరిగి ఉంది.

“ఇది మోడల్లో లేదండీ. ఎవరు ఎటు పోయారో చక్కగా పడింది.”

“ఎవరికిస్తవు?”

“ముఠాకూ, మీకూ, ఇద్దరికీనండీ. నా ఉద్యోగమే అది కదా!”

దూరాన చెలకలోంచి చంద్రమ్మ చెయ్యూపుతూ కేకేసింది.

“తమ్మీ, రా! ఇగ ఫికర్ లేదు. మేమీడున్నమని ఎవ్వలికీ తెల్వదు!”