సాయంత్రం వచ్చే నాన్న

ఎనిమిదింటికల్లా సుధీంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు తగిలించుకుని, పక్క ఫ్లాట్ మామ్మగారికి నమస్కారం పెట్టి లిఫ్ట్ ఎక్కాడు.

అసలు సుధీంద్ర ఇంట్లో కర్టెన్ వెనక నిలబడి, మూడేళ్ల కూతురు మిహికకు పాలు చల్లారుస్తున్నాడు.

వెళ్లింది ఛాయ. మనిషి ముఖం, నడక, చివరికి దగ్గు కూడా అచ్చుగుద్దినట్టు దించిన రోబో. 2074 విశాఖలో సముద్రం అడుగున గనులు తవ్వుతున్నారు. సుధీంద్ర భార్య వాసంతి అక్కడే ఇంజనీరు. పాప కోసం ఉద్యోగం మానేసింది సుధీంద్ర. ‘పెళ్లాం సంపాదిస్తుంటే ఇంట్లో కూర్చున్నాడు’ అన్న మాట మాత్రం 2074లోనూ పోలేదు. అది పడలేకే ఛాయను కొన్నాడు.

పాప బయట నోరు జారకుండా ఛాయనే ‘నాన్నా’ అని పిలవడం నేర్పాడు. తనను ‘బుజ్జీ’ అనమన్నాడు.

నిన్న పాప మంచం మీంచి పడింది. “నాన్న కావాలి!” అని ఏడ్చింది.

“నేనేనమ్మా నాన్నని.”

“కాదు, నువ్వు బుజ్జీవి. నాన్న సాయంత్రం వస్తాడు.”

అందుకే ఈ సాయంత్రం ఛాయను కనిపెట్టిన డాక్టర్ తారకేశ్వర్‌నే ఇంటికి పిలిపించాడు.

“ఆపేయండి సార్. నవ్వేవాళ్లని నవ్వనీయండి.”

డాక్టర్ ఛాయ మెడ వెనక మీట నొక్కాడు. అది సోఫాలో వాలిపోయింది. మిహిక కెవ్వుమని దాని కాళ్లు పట్టుకుంది. ఎత్తుకోబోయిన సుధీంద్ర చేతిని కొరికింది.

“మీకూ బాబు ఉన్నాడటగా డాక్టర్‌గారూ? వాడికి మీరెలా అలవాటయ్యారు?”

“ఆ సంగతి డాక్టర్‌గారినే అడగాలండీ.”

“మరి మీరు?”

ఆగంతకుడు కాలరు దించి తన మెడ వెనక మీట చూపించాడు. “ఆయన ఇంట్లో ఉన్నారు. బాబుకి అన్నం కలుపుతుంటారు. బయటికొచ్చి ఏళ్లయింది.”

“బాబు ఆయన్ని ఏమని పిలుస్తాడు?”

“నేను వెళ్లేసరికి ఆయన వంటింట్లోకి వెళ్లిపోతారు. పిలవడం నేనెప్పుడూ వినలేదు.”

ఏడ్చి ఏడ్చి పాపకు ఊపిరి అందడం లేదు. సుధీంద్ర ఇక చూడలేకపోయాడు. వంగి తనే మీట నొక్కాడు.

ఛాయ లేచింది. గుమ్మం దాటి వెళ్లి, రోజూ సాయంత్రం వచ్చినట్టే బయటి నుంచి బెల్ కొట్టింది.

మిహిక ఏడుపు ఆగిపోయింది. తలుపు దగ్గరికి పరిగెత్తుతూ సంబరంగా అరిచింది.

“బుజ్జీ! నాన్నొచ్చాడు!”

సుధీంద్ర వంటింట్లోకి నడిచాడు. పాపకు పప్పన్నం మెత్తగా పిసకాలి.