అంచుల మీది పెన్సిల్ రాత

పాత పుస్తకాలు పోగేసేవాడు మంచివాడే అయ్యుంటాడని అనుకుంటున్నావా? ఆ భ్రమ వదులుకో. భయపెట్టి తెచ్చుకున్నది పుస్తకమైనా దొంగసొత్తే. కోరుట్ల కరుణాకర్ రావు సంగతి విను.

దొరతనం పోయాక ఆయనకు ఒకటే పిచ్చి మిగిలింది. వెనకటివాళ్లు రాసుకుని అచ్చువేయించిన డైరీలు కావాలి. అవీ మొదటి ముద్రణవి, మచ్చ లేనివి. ఎనభై ఎనిమిది వానాకాలంలో సిరిసిల్లలో అలాంటిదొకటి ఉందని తెలిసింది. వందేళ్ల కిందటి కాశీయాత్ర డైరీ. మరమగ్గాల పనితో బతికే సత్యవ్వ ఇంట్లో ఉంది. ఆమె కొడుకు బాలకిషన్ దాన్ని చిత్తుకాగితాల్లోంచి ఏరి తెచ్చుకుని, చదువుతూ అంచుల్లో పెన్సిల్‌తో ఏవేవో రాసుకున్నాడు. తర్వాత అన్నల్లో కలిశాడు. అడవిలో చనిపోయాడు. శవం ఇంటికి రాలేదు.

ఆ రాత పోలీసుల కంట పడితే ఇంట్లో ఎవరినీ వదలరని రావు ఆమెను బెదిరించాడు. తన దగ్గరైతే భద్రంగా ఉంటుందన్నాడు.

"పోరని రాత గదొక్కటే మిగిలింది, దొరా. జర పైలంగ ఉంచుండ్రి" అన్నది సత్యవ్వ.

"నా పానం లెక్క చూసుకుంట."

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మి పగలే చీకటైంది. కరెంటు లేదు. రావు తన ఇంట్లో కిటికీ పక్కన ఆ డైరీ ముందు పెట్టుకుని రబ్బరు తీశాడు. గీతలున్న పుస్తకం ఆయన అల్మారాకు పనికిరాదు మరి.

మొదటి పేజీ రుద్దాడు. గదిలో పచ్చి ఆకుల వాసన. ఇంకో పేజీ... తడిసిన బట్టల వాసన. రబ్బరు పొట్టు వేళ్లకు అంటుకుంది. వెచ్చగా ఉంది... ఊదినా పోలేదు. చెయ్యి గుంజింది. ఒళ్లంతా అలసట. చివరికి ఒక్క పేరు మిగిలింది. బాలకిషన్.

చెవి పక్కన ఎవరో మెల్లగా అన్నారు.

"గదొక్కటి ఉండనియ్యి."

చెయ్యి ఆగింది. అప్పుడైనా లేవాల్సింది. లేవలేదు. పేరు కూడా రుద్దేశాడు.

పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి తలుపు గడియ పెట్టి ఉంది. తట్టాడు. కూతురు ఉష సగం తెరిచింది.

"ఎవరు కావాలె?"

"నేను బిడ్డా... బాపును."

ఉష భయపడలేదు. జాలిగా చూసింది. "బాపు లోపల అన్నం తింటున్నడు. మీ పేరేంది?"

ఆయన నోరు తెరిచాడు. పేరు రాలేదు. లోపలినుంచి దగ్గు వినిపించింది... అచ్చం ఆయన దగ్గే.

ఆరేళ్లకు ఉష పెళ్లయింది. అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేసింది ఆ లోపలివాడే. ఈయన బంతి చివర కూర్చుని నాలుగు ముద్దలు తిని, జగిత్యాల బస్సెక్కి పోయాడు.