కమ్మచ్చుల వరుసలో ఖాళీ చోటు

పొద్దున్న ఏడు కొట్టకముందే కులమణి ఊదుగొట్టం అందుకున్నాడంటే ఆ రోజు ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. దీపం మంటలోకి గొట్టంతో ఊదుతూ, చింతగింజంత వెండి పువ్వుకి వెలిగారం పెట్టి అతుకు వేస్తాడు. డెబ్బై ఆరేళ్లకి ఆ కళ్లు అచ్చు అక్షరాన్ని పట్టలేకపోతున్నాయి గానీ, వెంట్రుకంత తీగ ఎటు వంగాలో వేళ్లకి తెలుసు. కటక్‌లో ఆ వీధి వీధంతా వెండి తీగపనివాళ్లదే, వాళ్లందరిలోనూ ఆయన పనికి ఒక మెట్టు ఎక్కువ మర్యాద.

పది రోజులుగా మాత్రం తొమ్మిదింటికల్లా దీపం ఆర్పేస్తున్నాడు. మనవరాలు ఇతిశ్రీ కాలేజీకి బయల్దేరేలోపు ఒక గంట కూర్చుని ఆయనకి నవల చదివి వినిపిస్తోంది. అది వాళ్లమ్మ సేబతి రాసిన మొదటి నవల. పుస్తకాల కట్ట వచ్చిన రోజు ఆయన మొదటి ప్రతిని కళ్లకద్దుకుని, పెరుగువడల బండి దగ్గర్నుంచి గుడి అరుగు దాకా తిరిగి అందరికీ చూపించి వచ్చాడు. చేతికి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, మరకలు పడతాయని.

"మా బోహూ రాసింది. మూడు వందల పన్నెండు పేజీలు. నఅంక కరువులో మన తీగపనివాళ్లు ఎలా బతికారో అంతా ఉంది ఇందులో," అనేవాడు. కోడలిని ఆయన బోహూ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ఆ వారమంతా కాస్త ఎక్కువ దర్జా వినబడింది.

సేబతి అమ్మాయిల బడిలో చరిత్ర పాఠాలు చెబుతుంది. ఆరేళ్ల కిందట, నూట అరవై ఏళ్ల నాటి ఆ కరువు పాఠం పూర్తయ్యాక ఒక పిల్ల లేచి, మన వీధివాళ్లు అప్పుడేం తిన్నారు టీచర్ అని అడిగింది. పుస్తకంలో అది లేదు. సేబతికీ తెలియదు. ఆ రోజు పట్టిన పురుగు ఆరేళ్లు తొలిచింది.

ఆదివారాలు పాత కాగితాలు దాచే ప్రభుత్వ భవనంలో తుమ్ముతూ గడిపింది. మొదటి చిత్తుప్రతి చదివిన స్నేహితురాలు కడుపు పట్టుకు నవ్వింది. కరువు ముందటి ఏడాది పెళ్లి విందులో సేబతి ధారాళంగా టమాటా పచ్చడి వడ్డించింది మరి, ఆ కాలపు వంటిళ్లకి టమాటా ఇంకా రానే లేదు. అంతకన్నా పెద్ద లోపం తనకే కనిపించింది. తన నవలలోని మనుషులందరూ ఆకలితో పడిపోతూ కూడా పాఠాలు చెబుతున్నారు. ఎనభై పేజీలు చించేసి, టీ ఇచ్చే వంకతో మామగారి పనిబల్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన ఊదేటప్పుడు బుగ్గ ఎలా బిగుస్తుందో, తీగ తెగితే ఎవరిని తిడతాడో చూసింది. అక్కడ ఆమె నవలకి ప్రాణం వచ్చింది.

పదకొండో రోజు పదకొండో అధ్యాయం. నవలలో మాధబ్ అనే పనివాడు, భార్య నిండు చూలాలు, ఇంట్లో గింజ లేదు. అతను తన కమ్మచ్చు పంచెలో చుట్టి, దాన్నిచ్చి బియ్యం తెచ్చుకోవడానికి బయల్దేరతాడు. ఇతిశ్రీ అంతవరకూ చదివిందో లేదో, కులమణి లేచి నిలబడ్డాడు.

"చాలు. కాలేజీకి పో," అన్నాడు.

కమ్మచ్చంటే కన్నాల ఉక్కు పలక. వెండి కడ్డీని పెద్ద కన్నంలోంచి లాగి, దానికన్నా చిన్న కన్నంలోంచి లాగి, అలా లాగి లాగి తీగ చేస్తారు. ప్రాణం మీదికి వచ్చినా పనివాడి కమ్మచ్చు గడప దాటకూడదని ఆ వీధి పట్టింపు. దాటిందంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడుండడు. తమ ఇంటి కమ్మచ్చులు ఏడు తరాలుగా గడప దాటలేదని కులమణే ఎన్నో పెళ్లిళ్లలో గర్వంగా చెప్పుకున్నాడు.

ఆయన ఆ మధ్యాహ్నం పఖాళ చద్దన్నం గిన్నె ముట్టుకోలేదు. మూడు రోజుల్లో విశ్వకర్మ పూజ. పూజనాటి సాయంత్రమే వీధి గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ, మొదటి ప్రతి అందుకోవలసింది ఆయనే. తను రానని కొడుకు నిరాకార్‌తో కబురు చేశాడు. ఒకే ఇంట్లో, రెండు గదుల మధ్య కబురు.

నిరాకార్ తండ్రికీ భార్యకీ మధ్య నలిగిపోయి, ఆ ఒక్క అధ్యాయం తీసేస్తే ఏం పోతుందని అడిగాడు. అచ్చయిన పుస్తకంలోంచి తియ్యడానికి కత్తెర తెమ్మంటావా అంది సేబతి. పైకి అలా అన్నా లోపల కుమిలిపోయింది. ఆ పుస్తకం ఎవరు మెచ్చినా మెచ్చకపోయినా, ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి మెచ్చాలి. ఆయన కాదంటే ఆరేళ్ల కష్టమూ దండగే. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్న టీ గ్లాసుతో తనే వెళ్లింది. ఆయన దీపం వెలిగించలేదు.

"నీకెవరు చెప్పారు బోహూ?" అన్నాడు తలెత్తకుండా.

"ఏది బాపా?"

"కమ్మచ్చు సంగతి. నా కొడుక్కి తెలియదు. చనిపోయిన మీ అత్తకీ తెలియదు. నీకెవరు చెప్పారు?"

సేబతి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. వంశాన్ని చిన్నబుచ్చే కథ అల్లానని కోపం అనుకుంది నిన్నటినుంచీ. అంటే అది నిజంగా జరిగింది.

"ఎవరూ చెప్పలేదు. నేను ఊహించి రాశాను."

"ఊరికే ఎలా ఊహిస్తావు?"

"పూజకి పనిముట్లు కడిగి వరుసగా పెట్టేది నేనే కదా బాపా, ఇరవై రెండేళ్లుగా. పాత కమ్మచ్చుల్లో రెండోదానికీ మూడోదానికీ మధ్య జానెడు చోటు వదలమంటారు మీరు. దేవుడు కూర్చునే చోటన్నారు. మొదట్లో నమ్మాను. మీ పక్కన కూర్చుని పని చూశాక నమ్మలేకపోయాను. రెండో పలక చివరి కన్నంలోంచి వచ్చిన తీగ మూడో పలక మొదటి కన్నంలోకి పోదు. మధ్యలో ఇంకో పలక ఉండి తీరాలి. దేవుడికైతే ఎదురుగా పీట వేస్తారు, కమ్మచ్చుల మధ్య ఇరికించరు."

కులమణి తలెత్తి ఆమె వైపు చూశాడు. తీగపనివాళ్లది కాని ఇంట పుట్టిన పిల్ల, తన పనిని చూసి చూసి, తను నోరు విప్పకుండానే ఇంటి రహస్యాన్ని చదివేసింది.

"రేపు వీధంతా చదువుతుంది," అన్నాడు చివరికి.

"అందుకే మాధబ్ అని పేరు మార్చాను. కరువు నాటి మీ ముత్తాత పేరు నాకు తెలిసినా, ఈ ఇంటి కోడల్ని నేనెలాగూ పలకకూడదు. కానీ అసలు కారణం అది కాదు. తను అలా చెయ్యలేదని వచ్చి చెప్పుకోవడానికి ఆయన లేడు. లేని మనిషి మీద నా కల్పన రుద్దడానికి నాకు మనసొప్పలేదు. మీరు నన్ను ఎన్నైనా అనండి, పడతాను. కానీ సగం అధ్యాయం విని లేచిపోయారు. మిగతా సగం విని అప్పుడనండి."

తలుపు పక్కనే నిలబడి ఉన్న ఇతిశ్రీ, ఎవరూ పిలవకుండానే పుస్తకం తెచ్చి కూర్చుంది. మాధబ్ బియ్యం మూటతో తిరిగి వస్తాడు. ఇంక తీగ ఎలా లాగుతావని అడగబోయి, భార్య అతని మొహం చూసి ఆగిపోతుంది. ఎసరు పెడుతూ, పొట్ట మీద చెయ్యి వేసుకుని అంటుంది.

"ఇనుము మళ్లీ దొరుకుతుంది. ఈ లోపలున్న వేళ్లు మళ్లీ దొరకవు."

ఇతిశ్రీ ఆగింది. కులమణి తన వేళ్ల వైపు చూసుకున్నాడు. వెలిగారంతో పగిలి, మంటకి నల్లబడిన పది వేళ్లు. ఆయన కళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

"ఆ లోపలున్నది మా తాత," అన్నాడు. "మా నాన్న పోయే ముందు నా చెవిలో చెప్పాడు, ఎవరికీ చెప్పకన్నాడు. సిగ్గని చెప్పాడమ్మా. యాభై ఏళ్లు సిగ్గనుకునే మోశాను." సేబతి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. టీ చల్లారిపోయింది.

పూజ రోజు పొద్దున్న సేబతి ఎప్పటిలాగే పనిముట్లు కడిగి, చందనం బొట్లు పెట్టి, పీట మీద వరుసగా పేర్చింది. జానెడు చోటూ వదిలింది. ఒక్కొక్క కమ్మచ్చు మీద పువ్వు పెడుతూ, దాన్ని వాడిన పెద్దవాళ్ల పేరు తలుచుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. కులమణి రెండు పేర్లు తలిచాడు. ఖాళీ చోటు దగ్గరికి వచ్చేసరికి, ఏటా చేసినట్టు కళ్లు మూసుకుని దాటిపోలేదు. కండువా చాటునుంచి నవల తీసి, సరిగ్గా ఆ చోటులో పెట్టాడు. చేతిలో పువ్వు కోడలికి అందించాడు.

"పేరు నువ్వు తలుచుకో."

సేబతి తల అడ్డంగా ఊపింది. "కోడల్ని బాపా. ఎలా పలకను?"

"ఆరేళ్లు ఆయన్ని మోసినదానివి నువ్వు. నా నోటికన్నా నీ నోటికే హక్కెక్కువ. సాయంత్రం గ్రంథాలయంలో ఆ అధ్యాయం చదివేటప్పుడు కూడా అసలు పేరుతోనే చదువు. నీ పక్కనే కూర్చుంటాను, ఎవడేమంటాడో చూద్దాం."

సేబతి కొంగు నెత్తి మీదికి లాక్కుని, పువ్వు పుస్తకం మీద ఉంచింది.

"దైతారి," అంది. మొదటిసారి తనకు మాత్రమే వినబడేలా. రెండోసారి ఇంటిల్లిపాదికీ వినబడేలా అంది.

కులమణి చేతులు జోడించాడు. తరవాత ముక్కు తుడుచుకుని, పుస్తకం వైపు చూపుడువేలు చాపాడు.

"ఒక్క తప్పుంది బోహూ. రెండు సేర్ల బియ్యం తెచ్చాడని రాశావు. నాలుగు సేర్లు. ఆ మాత్రం బేరమాడగలడు మావాడు. రెండో ముద్రణలో దిద్దు."