పొట్టిక్కల బండి

రేచల్‌కి మెలకువ వచ్చేసరికి వంటింట్లోంచి పనసాకు ఆవిరికి మగ్గుతున్న వాసన వస్తోంది. కిటికీ అవతల కాలవలో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. అమలాపురం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. తనకంటే ముందు భర్త లేచిన ఇల్లు ఇది. ఆ సంగతి ఆమెకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

"అమ్మా, లేచేవా? నాన్న పెట్టిందల్లా తినేశాను. ఇంకా పెడతానంటున్నారు. వచ్చి కాస్త ఆపు," అంటూ నోటి నిండా టిఫినుతో కేక వేసింది శారోన్. కాకినాడలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేసే కూతురు, సెలవు పెట్టుకుని నిన్ననే వచ్చింది.

వంటింట్లో శ్యామ్ బాబు లుంగీ ఎగ్గట్టి, భుజం మీద తువ్వాలుతో ఇత్తడి గుండిగ మూత తీస్తున్నాడు. లోపల పనసాకులతో కుట్టిన చిన్న చిన్న బుట్టలు. వాటిలో మినప్పిండి ఉబ్బి, ఇడ్లీ కంటే మెత్తగా, ఆకు వాసన పట్టి ఉంది. కోనసీమ వాళ్ళు వాటిని పొట్టిక్కలంటారు.

కూతురి పళ్ళెంలో ఇంకోటి వేసి, ఆ పిల్ల తినే తీరు చూస్తూ నిలబడ్డాడాయన. ఆయన ముఖంలో సంతోషం చూసి రేచల్‌కి నవ్వొచ్చింది.

కొన్నాళ్ళ కిందటి దాకా ఈ ఇంట్లో పొద్దున్నలు ఇలా ఉండేవి కావు. శ్యామ్ బాబు రాజోలు తాసిల్దారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసేవాడు. తాగి ఒకరిని కొట్టి ఎరగడు, తిట్టి ఎరగడు. సాయంత్రమయ్యేసరికి సీసా తెచ్చుకుని వెనక గదిలో తలుపు వేసుకునేవాడు. తెల్లారితే మంచం దిగేవాడు కాదు. ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండి" అని చెప్పడం రేచల్ పని. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి "ఇప్పుడే పడుకున్నారండి" అని గుమ్మంలోనే చెప్పి పంపడమూ రేచల్ పనే. ఆఖరికి, సస్పెండ్ చెయ్యకముందే పక్కన కూర్చుని వాలంటరీ రిటైర్మెంటుకి సంతకం పెట్టించింది కూడా ఆమే.

శారోన్‌కి ఉద్యోగం వచ్చిన రోజు ఇంట్లో కేకు కోశారు. శ్యామ్ బాబు కూతురి నోట్లో పెట్టబోతే చెయ్యి వణికి, కేకు ముక్క కంట్లోకి పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శారోన్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మర్నాడు పొద్దున్నే శ్యామ్ బాబు చొక్కా తొడుక్కుని, "నన్ను ఆస్పత్రికి తీసికెళ్ళు రేచలూ," అన్నాడు.

తాగుడు మానిపించే వార్డులో ఉండి తిరిగొచ్చాక మొదట్లో చొక్కా గుండీలు కూడా పట్టేవి కావు. పొద్దు వాలుతుంటే చేతులు ఏదో వెతుక్కునేవి. ఒక సాయంత్రం పెరట్లో పనస చెట్టు కింద కూర్చుని రాలిన ఆకుల్ని కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చడం మొదలెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎలీసమ్మ చేస్తుంటే చూసిన పనే. మొదటి బుట్టలు వంకర టింకరగా వచ్చాయి. పిండంతా కారిపోయింది. "కారితే కారింది, రుచి బాగుంది," అని రేచల్ ఆ చెదిరిన ముక్కల్నే తిన్నది. అలా అలా చెయ్యి కుదిరింది. ఇరుగుపొరుగుకి వెళ్ళాయి. క్రిస్మస్ పొద్దున చర్చి అంతటికీ వెళ్ళాయి. ఇప్పుడు సాయంత్రాలు ఆకులు కుట్టడంతోనూ, పప్పు రుబ్బడంతోనూ గడిచిపోతున్నాయి.

"రేచలూ, నీకో మాట చెప్పాలి. కోప్పడకూడదు," అన్నాడు శ్యామ్ బాబు, ఆమె ముందు పళ్ళెం పెడుతూ.

"కోప్పడే మాటైతే తిన్నాక చెప్పండి."

"సోమవారం నించి బస్టాండు దగ్గర బండి పెడుతున్నాను. పొట్టిక్కల బండి. జోజి తోపుడు బండి చూసిపెట్టేడు."

జోజి అంటే ఆటో నడిపే మనిషి. తాగుడు మానేసినవాళ్ళు వారం వారం అమలాపురంలో ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. అక్కడ స్నేహమైంది.

రేచల్ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"ఇంట్లో చేసి నలుగురికీ పంచితే సరదా అనుకున్నాను. రోడ్డు మీద బండేవిటండి? హెడ్మిస్ట్రెస్ గారి భర్త, సూపరింటెండెంటు చేసినాయన, బస్టాండులో టిఫిన్లమ్ముతున్నాడంటారు."

"నిజమే కదా. అలాగే అంటారు," అని నవ్వాడు.

"నవ్వకండి! మీ నాన్న సాలమోను మాస్టారంటే ఈ చుట్టుపక్కల లేచి నిలబడేవారు. మనవాళ్ళు పరాయి చేలల్లోంచి వచ్చి బళ్ళో కుర్చీ ఎక్కడానికి ఎంత కష్టపడ్డారో మీకు తెలీదా? మీరేమో మళ్ళీ రోడ్డు మీద నిలబడతానంటారు. రేపు శారోన్‌ని చూసుకోడానికి వచ్చినవాళ్ళు మీ నాన్నగారేం చేస్తారంటే ఇదేం చెప్పాలి?"

"పొట్టిక్కలు చేస్తారని చెప్తాను. పెట్టి పంపిస్తాను కూడా," అంది శారోన్.

"నువ్వాగవే!" రేచల్ గొంతు పెరిగింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియని కోపం ఒక్కసారి పైకొచ్చింది. "దీనికంటే మీరు తాగినప్పుడే నయం! తలుపేసుకుని తాగేవారు. కనీసం ఊరికి తెలిసేది కాదు!"



శ్యామ్ బాబు పొయ్యి మంట తగ్గించాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, గోడకి ఆనించిన సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ గూట్లోనే ఉండిపోయింది.

శారోన్ తల్లి వైపు చూసింది. "ఊరికి తెలీదనుకుంటున్నావా అమ్మా? అందరికీ తెలుసు. నీ ముఖం చూసి తెలీనట్టు ఊరుకున్నారంతే."

రేచల్ తను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న స్కూలుకి వెళ్ళింది. మధ్యాహ్న భోజనంలో పిల్లలకి గుడ్లు పంచుతుంటే పక్కన నిలబడి కూడా ఏమీ చూడలేదు. కలిసి పనిచేసే విజయ టీచరు దగ్గరికి వచ్చింది.

"ఒంట్లో బాలేదా మేడం గారూ? ఇంట్లో సార్ బాగున్నారా అండీ?"

జ్వరమండి అనబోయింది రేచల్. పాత అలవాటు. ఆ మాట నాలుక మీదికి దానంతటదే వచ్చి నిలబడింది.

"బాగున్నారండి. నేనే ఏదో అన్నాను," అంది.

"మీరేవన్నా ఆయన పడాలండి. మీ ఓర్పు మాకు రాదు. ఎన్నేళ్ళు మోసేరు ఆయన్ని! స్టాఫ్ రూములో మేమెప్పుడూ అనుకుంటాం."

ఎప్పుడూ వినేమాటే అది. విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చల్లగా ఉండేది. ఈవేళ మాత్రం అది ఎక్కడో గుచ్చుకుంది.

సగం రోజు సెలవు పెట్టి స్కూటీ తీసింది. దారి తిప్పుకుని బ్రాందీ షాపు ముందు నుంచి వెళ్ళింది. అక్కడ నిలబడ్డ ఒక్కొక్క ముఖమూ చూసింది. సైకిలు లేదు, మనిషి లేడు. "ప్రభువా, నా నోటి మాటకి ఆయన్ని బలి చెయ్యకు," అనుకుంటూ ఇల్లు చేరింది.

శ్యామ్ బాబు పెరట్లోనే ఉన్నాడు. చాప మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పనసాకులు పెట్టుకుని బుట్టలు కుడుతున్నాడు.

రేచల్ మెల్లగా దగ్గరికి వెళ్ళి, కింద పడ్డ ఆకు తీస్తున్నట్టు ఆయన ముఖం దగ్గరగా వంగింది. ఆయన తలెత్తి చూశాడు.

"ఊదమంటావా?" అన్నాడు.

ఆమె సిగ్గుతో నిలబడిపోయింది. శ్యామ్ బాబు నోరు తెరిచి గట్టిగా "హా" అని ఊదాడు.

"ఉల్లిపాయ," అంది రేచల్.

"జోజి వాళ్ళావిడ పెసరట్టు పెట్టింది. ఉల్లిపాయలు కాస్త ఎక్కువే వేసింది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే రేచల్ చాప మీద కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆపమనలేదు. ఆకులు పక్కకి జరిపి చోటిచ్చాడు.

"వెళ్ళాలనిపించింది రేచలూ. అబద్ధం చెప్పను. సైకిలు అటే తిప్పేను. షాపు కనపడ్డాక దిగి, పక్కన కిళ్ళీ కొట్టాయన ఫోన్ తీసుకుని జోజికి చేసేను. ఆటో వేసుకుని వచ్చేసేడు. 'ఆకలేస్తోందా అన్నా?' అనడిగేడు. అప్పుడు గుర్తొచ్చింది, మీకు పెట్టే హడావుడిలో పొద్దుట్నించి నేనేం తినలేదని."

"నా వల్లే కదండి..."

"కాదు. నువ్వు తిట్టేవని తాగేవాణ్ణయితే, పొగిడేవని కూడా తాగుతాను. ఆ పని నాది. నువ్వు మొయ్యక్కర్లేదు."

రేచల్ కళ్ళు తుడుచుకుంది. కుట్టిన బుట్టనొకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మరి నాకేం పని మిగిలిందండి?" అంది చివరికి. "ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి మీకు కాపలా కాసేను. రేచల్ మేడం ఎంత ఓర్పో అని అందరూ అనేవారు. ఇప్పుడు మీరు నాకంటే ముందు లేస్తున్నారు. వండుతున్నారు. పిల్ల మీ పక్కనే కూర్చుంటోంది. సంతోషించాల్సింది పోయి నాకు కోపమొస్తోంది. ఎందుకో ఈవేళ తెలిసింది. నన్ను నేనే చూసుకుని సిగ్గుపడ్డాను."

శ్యామ్ బాబు ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఈసారి ఆయన చెయ్యి నిలకడగా ఉంది.

"తాగినన్నాళ్ళూ నాకు రోజంటే సాయంత్రమే. పొద్దుట్నించీ దానికోసమే ఎదురుచూసేవాణ్ణి. మానేశాక ఎదురుచూడ్డానికి ఏమీ లేకుండా పోయింది. అదే కష్టమైంది, మందు లేకపోవడం కాదు. ఇప్పుడు పొద్దున కోసం ఎదురుచూస్తున్నాను. నా కోసం కూడా ఎవరో ఒకరు వచ్చి నిలబడితే బాగుండుననిపించింది. బండంటే అంతే." మళ్ళీ ఆమె వైపు తిరిగి, "నీకు పని లేకపోవడమేవిటి? కొబ్బరి పచ్చడి నాకు కుదిరి చావట్లేదు. ఎప్పుడు చేసినా నీళ్ళే," అన్నాడు.

"కొబ్బరి లేతది వేస్తున్నారు. ముదురుది వెయ్యాలి. ఆ మాత్రం తెలీదూ?" అని ముక్కు చీదుకుంది రేచల్.

"చెప్పేవాళ్ళుంటే కదా," అని వంటింటి గుమ్మంలోంచి శారోన్ అందుకుంది. ఎప్పట్నుంచి నిలబడి వింటోందో.

సోమవారం పొద్దున్నే చర్చి అయ్యగారు వచ్చి బండి ముందు నిలబడి ప్రార్థన చేశారు. ఆయన ఆమేన్ అనేలోపే బస్సు దిగినవాళ్ళు ఆవిరి వాసనకి ముసురుకున్నారు. శ్యామ్ బాబు ఒక చేత్తో ఆకు విప్పుతూ, ఇంకో చేత్తో పళ్ళెం అందిస్తూ తబ్బిబ్బయిపోయాడు. బుట్ట విప్పబోయి ఒకరి చొక్కా మీద ఆవిరి నీళ్ళు చిలకరించాడు. "క్షమించండి, మొదటిరోజండీ," అంటే, "ఫరవాలేదండి, ఇంకోటి పెట్టండి," అన్నాడా మనిషి. శారోన్ కిలకిలా నవ్వుతూ పళ్ళాలు కడుగుతోంది.

పచ్చడి గిన్నె ఇచ్చి స్కూలుకి వెళ్ళిపోదామనుకున్న రేచల్ వెళ్ళలేకపోయింది. కొంగు నడుముకి దోపి గరిటె అందుకుంది.

బస్సులోంచి విజయ టీచరు దిగింది. చూసి అక్కడే ఆగిపోయింది. "మేడం గారూ! మీరిక్కడ?"

రేచల్ గరిటె ఆపకుండానే అంది. "మా వారి బండండీ. మందు మానేసి, ఇది పెట్టేరు. రండి, వేడి మీద తిందురు గాని."

ఆ మాట అంత బయటగా, అంత తేలిగ్గా తన నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు. చుట్టూ చూసింది. ఒక్కరూ పళ్ళెంలోంచి తలెత్తలేదు. "పచ్చడి ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నారెవరో. విజయ మొహమాటపడుతూ ఒకటి తిని, మొహమాటం లేకుండా ఇంకోటి అడిగింది.

గుండిగ ఖాళీ అవుతుండగా తాతబ్బాయి గారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. శ్యామ్ బాబు తాగే రోజుల్లో, పెన్షన్ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి విసిగిపోయిన పెద్దాయన. వచ్చినప్పుడల్లా "రేపు రండి" అనిపించుకున్నారు. ఏ రేపూ కుర్చీలో మనిషి ఉండేవాడు కాదు.

"అయిపోయాయండి బాబాయి గారూ," అన్నాడు శ్యామ్ బాబు చిన్నబోయి. "రేపు రండి. మీకోసం వేరే తీసి ఉంచుతాను."

"రేపుంటావా?" అన్నారు తాతబ్బాయి. అని, ఊరందరికీ అలవాటైనట్టే, జవాబు కోసం రేచల్ వైపు చూశారు.

రేచల్ పచ్చడి గిన్నె మీద మూత పెట్టింది.

"ఆయన్నే అడగండి బాబాయి గారూ," అంది నవ్వుతూ.

శ్యామ్ బాబు ఒక్క క్షణం భార్య వైపు చూశాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, ఆవిరికి తడిసిన ముఖం తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"ఆయ్," అన్నాడు. "ఉంటానండి."