పేలుడు తర్వాత గుసగుస

మేడమీది గదిలో పాత సిపాయి వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీలో తూటా. కాళ్ల దగ్గర అతని సొంత పిస్తోలు. బల్లమీద నూనెసీసా, గుడ్డపీలికలు, బ్రష్షు. ఏసీ ఇంకా నడుస్తోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగి గదంతా కలియజూసింది. స్టేషన్‌లో ఆమెను చాటుగా ‘చిటపట’ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పేరు పెట్టినవాడెవడో కూడా తెలుసు.

“పేలినప్పుడు గదిలో ఎవరున్నారు?”

“నేనే” అన్నాడు గోడకు ఆనుకున్న పెద్దమనిషి.

ఇంకా జరగని యుద్ధాల గురించి థ్రిల్లర్లు రాసే రచయిత ఆయన. అభిమానులు ‘జనరల్’ అని పిలుచుకుంటారు. ఆ జనరల్ జన్మలో ఒక్క పరేడ్‌లోనూ నిలబడలేదు. తుపాకుల గురించీ ట్యాంకుల గురించీ చెప్పి పెట్టింది ఈ పాత సిపాయే.

“ఏం జరిగింది?”

“మాట్లాడుకుంటున్నాం. ఆయన పిస్తోలు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి పేలింది. ఖాళీ అనుకున్నాడు పాపం.”

“మీరెక్కడున్నారు?”

“బల్లకి ఇవతల, కుర్చీలో.”

“చొక్కాకి చుక్క రక్తం లేదే?”

“కుర్చీలోంచి లేవలేకపోయాను మేడమ్. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన అవతల పడ్డాడు. పడీ పడగానే గుసగుసగా ఒక్క మాట అన్నాడు.”

“ఏమని?”

రచయిత మెట్లవైపు చూసి గొంతు తగ్గించాడు. “‘అమ్మాయి తూటాలు పెట్టి మర్చిపోయినట్టుంది. దాన్నేమీ అనకండి’ అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.”

మెట్లమీద ఎవరో కూలబడిన చప్పుడైంది. సిపాయి కూతురు. కింది గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మెడలో టేపు ఇంకా వేలాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ వెళ్లి ఆమె పక్కన మెట్టుమీదే కూర్చుంది.

“మొన్న బీరువా సర్దింది నేనేనండీ” అంది కూతురు. “పిస్తోలు తీసి మళ్లీ పెట్టాను. అందులో తూటాలున్నాయో లేవో చూడలేదు. నేనే ఏదో చేసుంటాను. నాన్నని నేనే చంపుకున్నాను.”

“చప్పుడు విన్నప్పుడు నువ్వెక్కడున్నావు?”

“మిషన్ దగ్గర. మెట్ల దగ్గరికి పరిగెత్తి ‘నాన్నా, నాన్నా’ అని గొంతు చించుకున్నాను. పైనుంచి ఎవరూ పలకలేదు. పైకొచ్చేసరికి ఈయన ఫోన్‌లో ఉన్నారు.”

“మీ నాన్నకీ ఈయనకీ పడేదా?”

“ఈమధ్య పడటం లేదండీ. కొత్త పుస్తకం ఆపెయ్యమన్నారు నాన్న.”

పాత సిపాయి జీవితంలో ఒక చేదు సంగతి ఉంది. యుద్ధంలో వాళ్ల ఫిరంగుల గుళ్లే పొరపాటున వాళ్ల దళంమీద పడ్డాయి. వైర్‌లెస్ పట్టుకుని “ఆపండి, మేమే ఉన్నాం ఇక్కడ” అని చివరిదాకా అరిచిన స్నేహితుడు అక్కడే చచ్చిపోయాడు. ఆ సంగతి జనరల్‌కు చెప్పాడు. జనరల్ దాన్ని కొత్త పుస్తకంలోని రాబోయే యుద్ధంలో పెట్టాడు. ఫిరంగుల బదులు శత్రువు డ్రోన్లు తెచ్చాడు. వైర్‌లెస్ మనిషిని మాత్రం డబ్బుకు అమ్ముడుపోయిన ద్రోహిని చేశాడు. కథకు మలుపు కావాలి కదా!

“‘వాడి తల్లి ఇంకా బతికే ఉంది, ఆవిడకి ఏం మొహం చూపించను’ అని నాన్న అన్నం కూడా తినలేదండీ” అంది కూతురు.

ఇన్‌స్పెక్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

గేటు దగ్గర జనరల్ పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఎదురయ్యాడు. ఫోన్ చెవిన పెట్టుకుని హడావుడిగా ఉన్నాడు. “ప్రాణమిచ్చిన సలహాదారుకు అంకితం అని వెయ్యండి. పెద్దక్షరాలు!”

“శవం ఇంకా పైనే ఉంది” అంది ఇన్‌స్పెక్టర్.

ఆయన నీళ్లు నమిలాడు. “అభిమానం కొద్దీ మేడమ్. మావాడికి వాస్తవికతంటే ప్రాణం. తూటాలు నింపిన పిస్తోలు చేత్తో పట్టుకుని బరువు చూసుకోందే ఒక్క కాల్పుల సీను రాయడు. ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతాడు.”

మర్నాడు పై అధికారి ఫోన్ చేశాడు. కూతురిమీద నిర్లక్ష్యం కేసు పెట్టి ఫైలు మూసెయ్యమన్నాడు. చనిపోతున్న తండ్రి మాటకన్నా సాక్ష్యం ఏం కావాలన్నాడు. ఇన్‌స్పెక్టర్ “సరే సార్” అని ఫోన్ పెట్టేసి బల్లమీద గట్టిగా చరిచింది. హెడ్ కానిస్టేబుల్ చేతిలో టీ ఒలికింది.

“రచయిత కంట్రోల్ రూమ్‌కి చేసిన ఫోన్ రికార్డింగ్ వచ్చింది మేడమ్. లైను బాగాలేదు, వేస్టు” అన్నాడు చొక్కా తుడుచుకుంటూ.

ఆమె విన్నది. మళ్లీ విన్నది. తర్వాత జనరల్ పాత నవల ఒకటి తెరిచింది. క్షిపణి బరువు, ట్యాంకు కవచం మందం, అన్నీ లెక్కగా ఉన్నాయి. నలభై అడుగుల దూరంలో బాంబు పేలింది. మరుసటి వాక్యంలో కెప్టెన్ గడ్డిలో శత్రువు అడుగుల సవ్వడి విన్నాడు.

“దొంగ వెధవ” అంది ఇన్‌స్పెక్టర్. కెప్టెన్‌ను కాదు.

సాయంత్రానికి అందర్నీ అదే గదిలో కూర్చోబెట్టింది. కూతురు తల ఎత్తడం లేదు. ప్రచురణకర్త వాచీ చూసుకుంటున్నాడు. జనరల్ నల్లకోటు వేసుకుని వచ్చాడు.

“మీ స్టేట్‌మెంట్‌లో ఏమైనా మార్చాలా?”

“ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు.”

“గుసగుసగానే అన్నాడా?”

“గుసగుసగానే.”

ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ పెట్టింది. ‘అడ్రస్ చెప్పండి సార్.’ ‘ఆఁ?’ ‘అడ్రస్ సార్!’ ‘వినపడటం లేదు, గట్టిగా చెప్పండి!’ జనరల్ గొంతు గది దద్దరిల్లేలా ఉంది.

“లైను బాగాలేదు” అన్నాడు.

“ఇంకా వినండి.”

రికార్డింగ్‌లో ఫోన్ చేతులు మారింది. కూతురు ఏడుస్తూనే అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. ఒక్కసారి కూడా ‘ఆఁ’ అనలేదు.

“అదే ఫోన్. అదే లైను” అంది ఇన్‌స్పెక్టర్. “లైను బాగానే ఉంది. మీ చెవులే బాగాలేవు. తలుపులు మూసిన గదిలో పిస్తోలు పేలితే చెవులు గింగుర్లెత్తిపోతాయి. ఒకసారి ఫైరింగ్ రేంజ్‌లో చెవులకి రక్షణ పెట్టుకోవడం మర్చిపోయాను. పూటంతా నన్నెవరు పిలిచినా వినపడలేదు. ఈ అమ్మాయి గొంతు చించుకుని అరిచింది, మీకు వినపడలేదు. ఆపరేటర్ అరిచాడు, వినపడలేదు. బల్ల అవతల చచ్చిపోతున్న మనిషి గుసగుస ఒక్కటీ వినపడిందా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?”

జనరల్ పెదాలు తడుపుకున్నాడు. “పెదాలు కదలడం చూశాను. దాన్నిబట్టి…”

“నేలమీద పడ్డవాడి పెదాలు బల్ల ఇవతలినుంచి కనిపించాయా? కూర్చుని చూడండి. హెడ్డుగారూ, అక్కడ పడుకోండి.”

హెడ్ కానిస్టేబుల్ పడుకున్నాడు. బల్ల ఇవతలికి బూట్లు మాత్రం కనిపించాయి.

“తూటాలు పెట్టిందెవరు?”

“నాకేం తెలుసు!”

“తూటాల పెట్టెకి తాళం ఉంటుంది కదమ్మా, తాళంచెవి ఎవరి దగ్గర?”

“నాన్న దగ్గరే ఉండేదండీ” అంది కూతురు. “ఈయన వచ్చినప్పుడు మాత్రం ఇచ్చేవారు. నిండు పిస్తోలు పట్టుకోవాలనేవారు ఈయన, బరువు తెలియాలని.”

ప్రచురణకర్త కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు.

“మీరే నింపారు. మీరే పట్టుకున్నారు. అప్పుడు ఏమన్నాడాయన?”

జనరల్ కుర్చీలోంచి లేచాడు. ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. “నన్ను అబద్ధాలకోరు అన్నాడు! ఆవిష్కరణ సభలో లేచి నిలబడి చెబుతానన్నాడు. నిజం రాసేవాడని పేరు తెచ్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా మీకు? బెదిరిద్దామనే ఎత్తాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు…”

“ఆ తర్వాత నూనెసీసా బల్లమీద పెట్టారు.”

ఆయన తల దించుకున్నాడు.

“తుపాకీలో ప్రతి మరా మీకు తెలుసు. అది పేలితే మనిషి ఏమవుతాడో ఇన్ని పుస్తకాల్లో ఒక్క చోట రాయలేదు. దగ్గరుండి చూశాక కూడా మీకు తెలిసిరాలేదు” అంది ఇన్‌స్పెక్టర్.

బేడీలు ఆమే వేసింది. కొంచెం గట్టిగానే వేసింది.

కూతురు లేచి నిలబడింది. “అయితే నాన్న ఆ మాట అనలేదా?”

“అనలేదమ్మా. నీ తప్పేమీ లేదు.”

ఆమె జనరల్ ముందుకు వెళ్లింది. కొడుతుందేమోనని హెడ్ కానిస్టేబుల్ అడ్డం రాబోయాడు. ఇన్‌స్పెక్టర్ వద్దని చెయ్యి చూపించింది. కూతురు కొట్టలేదు.

“నిన్నట్నుంచీ ఆ మాట నాకు మా నాన్న గొంతుతోనే వినిపిస్తోంది” అంది. “ఇప్పుడు అది నువ్వు రాసిందని తెలిసింది. అయినా ఇంకా ఆయన గొంతుతోనే వినిపిస్తోంది.”

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“చంపినందుకు శిక్ష ఉంది. మా నాన్న నోట్లో ఆ మాట పెట్టినందుకు ఏముంది మేడమ్?”

“అబద్ధపు సాక్ష్యానికి సెక్షన్ ఉందమ్మా” అంది ఇన్‌స్పెక్టర్. “నీకు వినిపించే ఆ గొంతుకి ఏ సెక్షనూ లేదు.”